మాబున్ని పొయ్యి

మా అమ్మ చేసిన పొయ్యి పగలదు. లింగాల నుంచి పులివెందుల దాకా ఏ ఆడమనిషిని అడిగినా ఆ మాట చెప్పేది. ‘మాబున్ని పొయ్యి’ అని పేరే పడిపోయింది. మా ఊరి ఆడపిల్ల పెళ్లయి కాపురం పెట్టిందంటే ఆ ఇంటికి మంచం కంటే ముందు మా అమ్మ పొయ్యి చేరాలి. జమ్మలమడుగుకు ఇచ్చినా అంతే, ప్రొద్దుటూరుకు ఇచ్చినా అంతే. గ్యాసు ఉన్నా సరే, సంగటి కెలకడానికి, నీళ్లు కాచుకోవడానికి పెరట్లో కట్టెల పొయ్యి ఉండాల్సిందే. అమ్మ దానికి వెల కట్టేది కాదు. చాటెడు కొర్రలో, రవికె గుడ్డో, వాళ్లు ఏది పెడితే అది తీసుకునేది. నాయన దాన్ని పాత బొంతలో చుట్టి, టీవీఎస్ బండి వెనక కట్టి, గుంతలు తప్పించుకుంటూ పోయి దించి వచ్చేవాడు.

మా ఊరి పేరు నేను రాయడం లేదు. కారణం ఉంది.

ఆ పొయ్యి పగలకపోవడానికి మట్టిలో కలిపే నార కారణం. మా ఊరి వెనక కొండలో ఒకప్పుడు రాతినార గని, అదే ఆస్‌బెస్టాస్ గని, ఉండేది. ఆకుపచ్చ రాయి నడుమ తెల్లటి చారల్లా ఉంటుంది. సుత్తితో కొట్టి గోటితో గీరితే పత్తిలా పింజలు పింజలుగా లేస్తుంది. నిప్పులో వేసినా కాలదు. సిమెంటు రేకుల ఫ్యాక్టరీలకు లారీల్లో పోయేది. నాయన తల్లి మా జేజి, పక్కింటి గోవిందమ్మవ్వ వయసులో ఉన్నప్పుడు ఆ గని షెడ్డులో పక్కపక్కన కూర్చుని రాయి కొట్టేవాళ్లు. మేం దూదేకులవాళ్లం. పరుపులకు దూది ఏకడం మా ఇంటి పని. అందుకని జేజి రాతినారను కూడా దూదిలాగే విల్లుతో ఏకి మెత్తగా చేసేదట. దాన్ని బంకమట్టిలో కలిపితే పొయ్యి నెర్రెలివ్వదని కనిపెట్టింది ఆమే.

గని మూతపడింది. జేజి దమ్ము పట్టి, ఊపిరాడక పోయింది. కొట్టి పారబోసిన రాళ్ల గుట్ట మాత్రం కొండ కింద అట్లే ఉంది. పని జేజి చేతి నుంచి అమ్మ చేతికి వచ్చింది. అమ్మ గుట్ట మీద నార ఏరుకొచ్చి పెరట్లో కూర్చుని ఏకుతుంటే గాలికి పింజలు లేచేవి. చిన్నప్పుడు వాటిని ఊదుకుంటూ వెంటపడేదాన్ని.

నేను కడపలో జియాలజీ ఎమ్మెస్సీ చదివాను. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. రాతినార గురించి అక్కడ చెప్పలేదా అంటే, చెప్పారు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు వచ్చే జబ్బు అని చదివి, పరీక్షలో రాసి, మంచి మార్కులే తెచ్చుకున్నాను. సెలవులకు ఇంటికొచ్చి అదే పొయ్యి మీద కాగిన నీళ్లు పోసుకున్నాను. ఆ రెండూ ఒకటేనని నాకు తట్టలేదు. ఆ మాట చెప్పుకోవాలంటేనే తల వంగిపోతుంది.

చదువు ముగించుకుని ఇంటికి వచ్చిన ఆ ఎండాకాలం గోవిందమ్మవ్వకు ఆయాసం ఎక్కువైంది. ప్రొద్దుటూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి నేనే వెంటపెట్టుకుని పోయాను. ఆయన ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

“గనిలో ఏమన్నా పనిచేసినావా అవ్వా?”

“చేసినా నాయనా. రాయి కొడ్తాంటిమి. నేనూ, ఈ పాప జేజీ. ఆ యమ్మ దమ్మొచ్చి పోయె. నాకిప్పుడొచ్చె.”

డాక్టరు నా వైపు తిరిగాడు. “ఆ నార ఇప్పుడు ఇళ్లల్లో ఏం లేదు కదమ్మా?”

నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. అంత ఆయాసంలోనూ ఆమె గొంతు గర్వంగా లేచింది.

“ఎందుకు ల్యా సార్! ఊరంతా ఉండాది. ఈ పాప అమ్మ ఆ నార కలిపి పొయ్యి పెట్టిందంటే రాయే అనుకో. నా మనవరాలు సుధారాణికి జమ్మలమడుగుకు ఒకటి పంపించినాం. మీ ఇంట్లో ఆడోళ్లకు కావాల్నంటే చెప్పండి, మీకూ ఒకటి పెట్టిచ్చి పంపిస్తాం.”

మందులు రాస్తున్న డాక్టరు చేయి ఆగింది. ఆయన నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. నేను కాళ్ల కింద గచ్చును చూస్తూ నిలబడ్డాను.

అవ్వకు ముందులా అవడం కష్టమన్నాడు. తర్వాత నాకు చెప్పింది ఇది. పొయ్యి గట్టిగా ఉన్నన్నాళ్లు ఒక రకం. పగిలి పొడైతే ఆ పొడి కంటికి కనపడదు. ఊపిరిలోకి పోయిందంటే మళ్లీ బయటికి రాదు. జబ్బు ఇరవై ముప్పై ఏళ్లకు గానీ తెలియదు. అందరికీ రావాలనీ లేదు, రాదని చెప్పడానికీ లేదు. పిల్లలున్న ఇళ్లలోవి ముందు తీయించండి, ఎట్టి పరిస్థితిలోనూ పగలగొట్టనీయొద్దు అన్నాడు.

బస్సులో అవ్వ కిటికీకి తల ఆనించి కూర్చుంది. పడుకుందనుకున్నాను.

“పాపా, నా మనవరాలి ఇంట్లోది తీపియ్యి. ఆడ చంటిది ఉండాది” అంది కళ్లు తెరవకుండానే. “ఆయాసమే గానీ నాకు చెవుడు ల్యా. అంతా విన్యా.”

ఇంటికి వచ్చేసరికి అమ్మ చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని పెరట్లో మట్టి తొక్కుతోంది. పెళ్లిళ్ల కాలం. గోడవారన కొత్త పొయ్యిలు ఆరుతున్నాయి.

“అమ్మా, ఆపు.”

“ఆగు పాపా. మట్టి ఎండకముందే దిమ్మెలు నిలబెట్టల్ల.”

ఆమె పని ఆపించే చెప్పాను. మొదట పుస్తకంలో చదివిన మాటలతో చెప్పాను. అమ్మ ముఖం చూసి, మళ్లీ మొదటి నుంచి మామూలు మాటల్లో చెప్పాను.

“మీ జేజి గూడా దీంతోనేనా?”

“అయ్యుండొచ్చు.”

“అయ్యుండొచ్చంటే?”

“అవునమ్మా.”

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత ఆ కొంగును పట్టుకుని చూసుకుంది. తొట్టి దగ్గరికి పోయి కొంగు ఒక్కటీ తడిపి, పిండి, మళ్లీ తడిపింది.

“అయితే ఇచ్చినేటివన్నీ తెచ్చుకుందాం” అంది.

పరుపు కుడుతున్న నాయన సూది పక్కన పెట్టాడు. “ఏం మాట్లాడ్తాండావే? కాపురానికి ఇచ్చిన పొయ్యి ఎత్తుకపోతామని యాడన్నా అడుగుతారా? మొగాన ఉమ్మేస్తారు.”

నాయన మాటలో తప్పు లేదు. మా వైపు అన్నదమ్ములు విడిపోయినప్పుడే పొయ్యి ఎత్తేది. కళకళలాడే ఇంటికి పోయి పొయ్యి ఇమ్మనడమంటే ఆ ఇంట్లో వంట ఆగిపోవాలని కోరినట్టే.

ఏమేం చేయాలో నేను చెప్పాను. పొడిగా ముట్టుకోకూడదు, ముందు నీళ్లు పోసి నానబెట్టాలి. పగలగొట్టకూడదు. తడి గోనెసంచిలో చుట్టాలి. పిల్లలు దగ్గరికి రాకూడదు. గని కాడి పాత గుంతలో లోతుగా వేసి పూడ్చాలి. ఎత్తినవాళ్లు తలస్నానం చేసి, కట్టుకున్న బట్ట విడిగా ఉతుక్కోవాలి. పాఠం చెప్పినట్టు చెప్పాను. అప్పుడు నాకు అంతా చాలా తేలికగా కనిపించింది.

మొదట పోయింది శేషయ్య ఇంటికి. బస్సు ఆగే చోట ఆయనకు సరుకుల కొట్టు ఉంది. ఆయన భార్య శ్యామలమ్మ మమ్మల్ని చూసి, “రామ్మే మాబున్నీ, కూర్చో” అంది. అమ్మ కూర్చోలేదు. నిలబడే అడిగింది.

శ్యామలమ్మ ముఖం మారిపోయింది. “ఏందీ? ఇచ్చిన చేత్తోనే ఎత్తుకపోతావా? నా కోడలు కడుపుతో ఉండాది. నీకు నోరెట్లొచ్చిందిమే?”

అమ్మ నోరు తెరిచింది. ‘నేను మీ ఇంట్లో ఇది పెట్టినా’ అన్న మాట పెదవుల దాకా రావడం నాకు కనిపించింది. రాలేదు. రెండోసారి కూడా రాలేదు.

నాయన ఓర్చుకోలేకపోయాడు. “అట్ల గాదు అక్కా” అన్నాడు నవ్వు తెచ్చుకుని. “మా పాప పెద్ద చదువు చదివింది గదా. ఆ మట్టిలో ఏమేముందో చూడాలంట. పరీక్షకు. దీనికి బదులు ఇంకోటి పెట్టిస్తాం.”

శేషయ్య లోపలి నుంచి వచ్చాడు. “మట్టిలో ఏముంటాదప్పా?”

“ఏవో రాళ్లుంటాయంటన్నా.”

“ఏం రాళ్లు?”

“అది మాకు తెలిస్తే మేమెందుకిట్లుంటాం?”

శ్యామలమ్మ నవ్వింది. కోడలు నవ్వింది. శేషయ్య నవ్వలేదు. నన్ను అడిగాడు, “నిజమేనామ్మా?” నేను తలూపాను.

పొయ్యి ఇచ్చారు. అబద్ధం అంత బాగా పనిచేసేసరికి మేం దాన్ని వదల్లేదు. ఇంటింటికీ అదే చెప్పాం. సుధారాణికి నేను ఫోనులో అదే చెప్పాను. వాళ్ల అత్త సావిత్రమ్మ పట్టింపు మనిషి, మెల్లగా అడిగి చెప్తానంది. పిల్లను పొయ్యి దగ్గరికి రానీయొద్దు అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

అమ్మ నార లేకుండా కొత్త పొయ్యిలు పెట్టడం మొదలుపెట్టింది. ఊక కలిపింది, పేడ కలిపింది. ఆ ఎండలకు అవి ఆరకముందే నెర్రెలిచ్చాయి. అవే తీసుకుపోయి పాతవాటికి బదులు పెట్టి వస్తుంటే, “మాబున్ని చెయ్యి చెడిపోయిందే” అని జాలిగా అనేవాళ్లు. అమ్మ ఆ మాటకు కూడా ఊ కొట్టేది.

ఒకరోజు సబ్బు కోసం కొట్టుకు పోతే శేషయ్య పొట్లం కడుతూ అడిగాడు.

“జియాలజీ అంటే రాళ్ల చదువేగదామ్మా?”

“అవును పెదనాయనా.”

“అంటే ఏ రాయి యాడుంటాదో తెలిసే చదువు.”

“అంతే అనుకో.”

“నా పొయ్యిలో ఏముండె?”

“ఏమీ లేదు.”

“ఏమీ ల్యాకుంటే, తడి సంచిలో చుట్టి పసిబిడ్డను ఎత్తుకపోయినట్ల ఎందుకెత్తుకపోయె మీ నాయన? ఎవరికీ కనపడకుండా ఆ గని గుంతలో ఎందుకు దాచిపెట్టె?”

కొట్టు ముందు బీడీలు తాగుతున్నవాళ్లు గట్టిగా నవ్వారు. “ఏం పాపా, ఎన్ని క్యారెట్లుంటాదేమి?” అన్నాడొకడు.

మా జిల్లాలో ఏ కొండ తవ్వినా ఏదో ఒకటి వస్తుంది. వేముల వైపు ముగ్గురాయి, ఎర్రగుంట్ల వైపు నాపరాయి. పెన్న ఒడ్డున పూర్వం వజ్రాలు తవ్వేవాళ్లు. ఆ మాట పుస్తకాల్లోనూ ఉంది, ముసలివాళ్ల నోళ్లలోనూ ఉంది. తొలకరి పడితే పక్క జిల్లా చేలల్లో వజ్రాలు ఏరడానికి మా ఊళ్లో ఆటో కట్టుకుని పోయేవాళ్లున్నారు. అలాంటి చోట రాళ్ల చదువు చదివిన పిల్ల ఇంటికి వచ్చి, ఇచ్చిన పొయ్యిలన్నీ వెనక్కి తీసుకుంటుంటే మనుషులు ఇంకేమనుకుంటారు? నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

ఆ వారంలోనే తలుపులు మూసుకున్నాయి. “మా పొయ్యి మేమే చూసుకుంటాంలే” అన్నారు. ఒకరిద్దరు మర్యాదగా, “నువ్వే వచ్చి చూడు పాపా, దొరికితే నీకూ వాటా” అన్నారు. నడిచిపోతుంటే పెరళ్లలోంచి రోకటి దెబ్బలు వినిపించడం మొదలైంది. ఒడ్లు దంచే కాలం కాదు అది.

అమ్మ, నేను ఆ మధ్యాహ్నమే బస్సెక్కి జమ్మలమడుగు పోయాం.

సుధారాణి వాళ్ల ఇంటి వాకిలి తీసే ఉంది. పెరట్లోకి పోయేసరికి సావిత్రమ్మ చీర దోపుకుని రోట్లో దంచుతోంది. పొయ్యి సగం రోట్లో ఉంది, సగం పక్కన పెళ్లలుగా పడి ఉంది. సుధారాణి ఆ పొడిని చాటలోకి ఎత్తి చెరుగుతోంది. ఎండలో గాలంతా తెల్లగా మెరుస్తోంది. ఆమె కూతురు అమూల్య కిందనే కూర్చుని ఉంది. రెండేళ్ల పిల్ల. జుట్టు మీద, కనురెప్పల మీద పింజలు. ఒక్కో పింజ అరచేతిలోకి తీసుకుని, బుగ్గలు పూరించి, ఉఫ్ అని ఊది, నవ్వుతోంది.

అమ్మ ఒక్క అంగలో పోయి నీళ్ల బిందె ఎత్తి రోట్లో కుమ్మరించింది. మిగిలింది చాట మీద, పిల్ల మీద పోసింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

“ఏమ్మా! పిచ్చి పట్టిందా నీకు?” సావిత్రమ్మ రోకలి వదిలేసింది.

“అది విషమమ్మా” అంది అమ్మ. ఇన్నాళ్లూ రాని మాట అప్పుడు వచ్చింది. “నార ఊపిరిలోకి పోతే దమ్మొస్తాది. మా అత్త దాంతోనే పోయె. గోవిందమ్మకూ అదే. నాకు తెలీక కలిపినా. నేనే పెట్టినా.”

సావిత్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఆమెను చూసింది. “మొన్నేమో చదువుకంటివి. ఈ పొద్దు విషమంటివి. రేపేమంటావు? విషమైతే నీ యింట్లో ఎట్ల పెట్టుకుంటివి? నీ బిడ్డ ఆ కూడు తిని ఎమ్మెస్సీ చదవల్యా?”

అమ్మ నా వైపు చూసింది. నేను చెప్పాను. ఊపిరితిత్తుల గురించి, సన్నటి పోగుల గురించి, డాక్టరు చెప్పినదంతా చెప్పాను.

సుధారాణి కొంచెం భయపడింది. “ఎన్ని రోజులకొస్తాదక్కా జబ్బు?”

“ఇరవై, ముప్పై ఏళ్లు.”

సావిత్రమ్మ పకపకా నవ్వింది. “ముప్పై ఏళ్లకా! అప్పటికి వజ్రం అమ్మి మిద్దె మీద మిద్దె కట్టింటాంలే. పోమ్మా తల్లీ. దొరికితే మీ అమ్మకు ముక్కుపుడక చేయిస్తాం, ఊరికే ఏడవొద్దని చెప్పు.”

మేం వాకిలి దాటకముందే తడిసిన పొడి ఆరబెట్టడానికి చాటను ఎండలోకి ఈడ్చిన చప్పుడు వినిపించింది.

బస్సులో ముద్దనూరు దాటాక అమ్మ అంది, “ఏమేం చేయాల్నో ఆ పొద్దు చెప్తివే, మళ్లా చెప్పు.”

చెప్పాను. నీళ్లు పోయడం, పగలగొట్టకపోవడం, తడి సంచి, పిల్లల్ని దూరంగా ఉంచడం, గుంత, తల స్నానం, బట్టలు. ఆమె ఒక్కొక్కటీ నా వెంట పలికింది.

“ఏమన్నా మరిచిపోతివా?”

“లేదమ్మా.”

“దంచిన పొడి ఉంటే?”

“అది కూడా బాగా తడిపి ముద్ద చేసి, సంచిలో వేయాలి. ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి.”

“సరే” అంది. ఎందుకు అడిగిందో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున నీళ్లొచ్చే వేళకు అమ్మ నన్ను రమ్మంది. ట్యాంకు కింద కొళాయి దగ్గర ఊరి ఆడవాళ్లంతా ఒక బిందె నింపి పక్కన పెట్టుకుని, రెండోదానికి వరుసలో ఉన్నారు. నేనూ ఒక బిందె నింపుకుని వరుసలో నిలబడ్డాను. అమ్మ బిందె తేలేదు. కొళాయి పక్కకు పోయి నిలబడింది.

“అమ్మల్లారా, మీకొక మాట చెప్పల్ల” అంది. “నేను తప్పు చేసినా. ఆ పొయ్యిల మట్టి చెరువుది గాదు. వల్లకాటి మట్టి.”

కొళాయి కింద బిందె నిండి పొర్లిపోతోంది.

“ఏమంటివీ?” అంది శ్యామలమ్మ.

“వల్లకాటి మట్టమ్మా. మా అత్త చూపించింది. ఆ మట్టితో పెడితే పగలదు.”

ఇన్నేళ్లుగా అందరూ అడుగుతున్నదానికి ఒక్కసారిగా జవాబు దొరికినట్టయింది. మాబున్ని పొయ్యి ఎందుకు పగలదు? అందుకే పగలదు. ఆ మాట వరుసలో ఒకరి ముఖం నుంచి ఒకరి ముఖానికి పాకడం చూశాను. ఏం రాళ్లని గుచ్చి గుచ్చి అడిగినవాళ్లు, మా జవాబులకు నవ్వినవాళ్లు దీన్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నమ్మేశారు.

అమ్మ ఆగలేదు. “ఎండుగా ముట్టుకోవద్దండి, దోషం. ముందు నీళ్లు పోసి నానబెట్టల్ల. పగలగొడితే శానా దోషం. దంచినోళ్లుంటే ఆ పొడి తడిపి ముద్ద చేసి మూట గట్టల్ల, ఊడవగూడదు. పిల్లోళ్ల నీడ గూడా పడగూడదు. తడి సంచిలో చుట్టి గని కాడి గుంతలో వేసి, తలకు పోసుకుని, ఆ గుడ్డలు విడిగా ఉతుక్కోండి.”

అన్నీ నా మాటలే. ఒక్కటీ తప్పలేదు.

నేను ఏదో అనబోయాను. అమ్మ నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను.

శ్యామలమ్మ ఏడుస్తూ తిట్టింది. “కడుపుతో ఉన్న పిల్ల నా ఇంట్లో! పీనుగల మట్టి మీద వండి పెట్టిస్తివి గదే! నీ చేతులు పడిపోను!” తర్వాత తన బిందె ఎత్తి నీళ్లన్నీ నేల మీద పారబోసింది. అమ్మ ఆ కొళాయి పక్కన నిలబడింది కదా, అందుకు. ఆమె వెనక ఆమె పారబోసింది. ఆమె వెనకామె. ఒక్కొక్క బిందే ఖాళీ అవుతూ వరుస నా దాకా వచ్చింది.

నేనూ నా బిందె ఒలకబోశాను.

అబద్ధం నిలబడాలని చేశానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. ఆ క్షణంలో మాత్రం అలాంటి ఆలోచనేమీ లేదు. అందరూ చేస్తుంటే నా చేయి కూడా చేసింది. నీళ్లు పారి అమ్మ పాదాల దాకా పోయాయి. ఆమె పక్కకు జరగలేదు.

పొద్దు నడినెత్తికి రాకముందే ఆ మాట ఫోన్లలో జమ్మలమడుగు చేరింది, ప్రొద్దుటూరు చేరింది. సుధారాణి నాకు ఫోన్ చేసి, “నిజమేనా అక్కా?” అంది. “నిజమే” అన్నాను. “మా అత్త సగం పొయ్యిని, పొడిని తడిపి మూట కట్టేసింది. రోలు గూడా కడిగేసింది. పాపకు తల మీద రెండుసార్లు పోసినాం” అంది. తర్వాత గొంతు తగ్గించి, “మీ అమ్మ అట్ల చేస్తాదని అనుకోలేదక్కా” అంది.

పొయ్యిలు వచ్చాయి. బండ్ల మీద, ఆటోల్లో, ఒకటి రెండు బస్సు టాపు మీద. నీళ్లు కారే గోనెసంచుల్లో, పగలకుండా, పెళ్లినాడు మా నాయన తీసుకుపోయినదానికంటే జాగ్రత్తగా తెచ్చారు. గుంతలోకి దించి, ఉమ్మి, వెనక్కి చూడకుండా పోయారు. నాయన గొట్టంతో నీళ్లు కొడుతూ పైన మట్టి కప్పుతూనే ఉన్నాడు. శేషయ్య వచ్చి గట్టున నిలబడ్డాడు.

“మౌలాలీ, నీకు తెలిసే చేసిందాప్పా ఈ పని?”

నాయన పార ఆపి నుదురు తుడుచుకున్నాడు. ఆయనకు ఏమీ తెలియదని చెప్పే దారి ఆ ప్రశ్నలోనే ఉంది. “తెలిసే అన్నా” అన్నాడు. మళ్లీ మట్టి ఎత్తాడు.

అమ్మ గుంత పక్కనే ఒక రాయి మీద కూర్చుని ఉంది. వచ్చిన ప్రతివాళ్లూ తిట్టడానికి ఆమె అక్కడ ఉండాలనుకుందేమో. సాయంత్రం గోవిందమ్మవ్వ నాలుగడుగులకు ఒకసారి ఆగుతూ కొండ కిందికి వచ్చింది. వచ్చి అమ్మ పక్కన అదే రాయి మీద కూర్చుంది.

“ఏందే గోవిందమ్మా, ఆ యమ్మ పక్కన కూర్చుంటివి? దోషం అంటుకుంటాది” అన్నారెవరో.

“నాకింక కొత్తగా ఏం అంటుకుంటాదిలే” అంది అవ్వ. శ్వాస కూడదీసుకుని, అమ్మ చెవి దగ్గర ఇంకేదో అంది. అమ్మ ఆ రోజు ఏడ్చింది ఆ ఒక్కసారే.

తొలి వాన పడేనాటికి గుంత పూడిపోయింది. ఆ వానాకాలం దాటకుండానే గోవిందమ్మవ్వ పోయింది. దినాల వంటకు సాయం చేయడానికి అమ్మ పోతే, గడప దగ్గరే ఆపి, “నువ్వు పొయ్యి కాడికి రావద్దులేమ్మా” అన్నారు. మర్యాదగానే అన్నారు.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. మా ఊరి పిల్లలు కాపురానికి పోతే పులివెందులలో ఇనుప పొయ్యి కొనుక్కుంటారు. అమ్మను మళ్లీ పలకరించేవాళ్లున్నారు. పెళ్లికి పిలిచేవాళ్లు లేరు. ఆమె వీధిలో పోతుంటే పిల్లలు ‘వల్లకాటి మాబున్ని’ అనుకుంటారు. మెల్లగానే అనుకుంటారు, కానీ వినపడుతుంది.

“ఇప్పుడన్నా నిజం చెప్పనీ అమ్మా” అన్నాను మొన్న రంజానుకు పోయినప్పుడు.

“చెప్తే ఏమైతాది?”

“నీ పేరు నిలబడుతుంది.”

“చెప్పిన పొద్దే పారలు తీసుకుని గుంత కాడికి పోతారు. వజ్రాలే అనుకుంటారు మళ్లా. ఇప్పుడైతే ఆ పక్కకు మేకలు గూడా తోలరు.” చెంబులో నీళ్లు తాగి, చెంబు బోర్లించింది. “ఉండనీలే.”

అందుకే ఊరి పేరు రాయలేదు.

జమ్మలమడుగు పోయినప్పుడల్లా నేను సుధారాణి ఇంటికి పోతాను. సావిత్రమ్మ నాకు కాఫీ ఇస్తుంది. “మీ అమ్మ చేసిన పనికి నువ్వేం చేస్తావులేమ్మా, చదువుకున్నదానివి” అంటుంది. నేను ఆ కాఫీ తాగుతాను. ఆ గడప తొక్కే వీలు అమ్మకు లేదు. నేను తిరిగి వచ్చాక ఆమె అడిగేది ఎప్పుడూ ఒకటే.

“ఆ పిల్ల దగ్గుతాండాదా?”

“లేదమ్మా.”

“పరిగెత్తిచ్చి చూసినావా?”

“చూసినా.”

“ఆయాసం?”

“రాలేదు.”

అమ్మ తలూపుతుంది. కాసేపు తన చేతుల్ని చూసుకుంటూ కూర్చుంటుంది.

“ఇంకా చిన్నదే గదా” అంటుంది.